నడినెత్తిన బొట్టు

మహబూబ్‌నగర్, కాలేజీ హాస్టల్
29-9-2024

వదినకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మా వార్డెన్ దాన్ని ముందుగా తానే విప్పి చూసి, లోపల ప్రేమ వ్యవహారం ఏమీ లేదని కొంచెం నిరాశపడి నా చేతికిచ్చింది. ఇక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరన్న సంగతి నీకు తెలుసు. ఆదివారం ఆఫీసు ఫోన్‌లో ఇచ్చే కాస్త సమయమంతా "తిన్నవా బిడ్డా, బక్కగైనవా" అని అమ్మే వాడేస్తుంది. మిగిలింది అన్న లాక్కుంటాడు. ఇద్దరూ స్పీకర్ పెట్టుకుని వింటుంటే నీ రహస్యం మాట్లాడేదెలా? కాబట్టి మనకు ఉత్తరాలే మంచివి.

నీ నిర్ణయం నాకు చాలా గర్వంగా అనిపించింది. మూతల కంపెనీలో ప్యాకింగ్ దగ్గర ఏళ్ల తరబడి నిలబడి నీ కాళ్ల నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి. ఇప్పుడు అదే కంపెనీ డిస్పాచ్ ఆఫీసులో గేటు పాసులు టైపు చేసే మనిషి కావాలట. పదో తరగతి చాలట. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకే అవకాశమట. "జీతం పెరగకున్నా మంచిదే, నాకు కుర్చీ కావాలె" అని నువ్వు రాసిన మాట పదే పదే చదువుకున్నాను. ఆ కుర్చీ నీకే రావాలి. నేను ఇక్కడి నుంచే నేర్పిస్తాను. అయినా అన్నకు ఎందుకు చెప్పొద్దన్నావో మాత్రం అర్థం కాలేదు.

నీ మొదటి సమస్య. ఒక అక్షరం కొడితే అది పక్కనున్న అక్షరాన్ని మింగేస్తోందని రాశావు. కంగారుపడకు. కుడివైపు 'ఇన్సర్ట్' అని ఒక మీట ఉంటుంది, దాన్ని పొరపాటున నొక్కి ఉంటావు. ఇంకొకసారి నొక్కితే మామూలవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ సమస్యకైనా ఒక కారణం ఉంటుంది వదినా, ఓపికగా వరుసలో వెతికితే దొరకని కారణం లేదు. మా బి.ఎ.లో కంప్యూటర్ అప్లికేషన్స్ సార్ మొదటి రోజే చెప్పిన మాట ఇది.

ఈ దసరాకు నేను రాలేను. సెలవుల్లో పోటీ పరీక్షల శిక్షణ పెట్టారు. ఒక్క కోరిక. ఏటా ఆయుధపూజకు అన్న బండికి, నీ కుట్టుమిషన్‌కు, చివరికి కత్తిపీటకు కూడా ముచ్చటగా బొట్టు పెడతారు. నా కంప్యూటర్‌కు మాత్రం పోయినేడు వెనకాల వైర్ల దగ్గర ఒక చుక్క పెట్టి ఊరుకున్నారు. మన ఇంటికి చదువు కోసమని వచ్చిన మొదటి యంత్రం అది. ఈసారి ముందువైపు పెట్టమని అమ్మకు గట్టిగా చెప్పు. నడినెత్తిన, సరిగ్గా మధ్యలో, పసుపు దట్టంగా మెత్తి దాని మీద కుంకుమ. ఎవరు చూసినా కనబడాలి.

నీ విజయం కోరే,
నవనీత

బొంతపల్లి
15-10-2024

సదువుల తల్లి ఆడబిడ్డకు,

నేను మాట్లాడినట్టే రాస్త. నీ లెక్క పుస్తకం భాష నాతోని కాదు.

ఇన్సర్ట్ మీట నొక్కంగనే మింగుడు బందైంది. నువ్వు గొప్పదానివే. నీ ఉత్తరం రాంగనే అత్తమ్మ పక్కకొచ్చి కూసుంటది, "ఏం రాసిందే, చదువు" అని. హాస్టల్ల ఆలుగడ్డ కూర మంచిగ పెడ్తున్రంట అని చదివిన. "గంత పెద్ద ఉత్తరంల ఆలుగడ్డ ఒక్కటేనా?" అన్నది. కాదు అత్తమ్మా, వెనకదిక్కు వంకాయ గూడ ఉంది అన్న.

మీ అన్నకు ఎందుకు చెప్పొద్దంటున్నవ్ అని అడిగినవ్. మన వీరభద్రస్వామి గుడి మీద మైకు ఉంది సూడు, అదన్న నడుమ జెర ఆగుతది. మీ అన్న ఆగడు. రేపు కుర్చీ రాలేదనుకో, లైన్ల నిలవడ్డోళ్లంత "ఏంది మేడం, కూసోనిచ్చిన్రా?" అంటరు. వచ్చినంక చెప్త.

పండుగ మంచిగ జరిగింది. నీ కంప్యూటర్‌కు నువ్వన్నట్టే చేసినం. నడుమ ఎక్కడొస్తదో కొలుద్దామని నేను కుట్టుమిషన్ టేపు తెచ్చేలోపల్నే అత్తమ్మకు దొరికింది. దాని నెత్తి మీద సరిగ్గ నడుమ ఒక సన్న గుంట ఉంది, లోపల అద్దం లెక్క మెరుస్తుంటది. "సూడే, బొట్టు పెట్టనీకె జాగ ఇడిసిపెట్టిండు కంపెనోడు! ఎంత తెలివి" అని మురిసిపోయింది. గుంట నిండ పసుపు మెత్తి, మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. ముత్తైదువ లెక్క కళకళలాడుతుంది నీ కంప్యూటర్.

ఇగ అసలు సంగతి. ఈ సోమవారం ఇంటర్వ్యూ. ఆఫీసు అరుణ మేడం చేస్తది. ఆఫీసేమో మా ప్యాకింగ్ షెడ్డుకు ఎదురుంగనే ఉంది, ఆమె తుమ్మితె మాకు ఇనవడ్తది. ఇంటర్వ్యూ మాత్రం ఇంటర్నెట్ల, వీడియోల. ఎందుకంటె, నేరుగ రమ్మంటె ఒక్కొక్కరు సిఫారసుకు ఒక సర్పంచును ఎంటవెట్టుకొని వస్తున్రంట.

టైపు రోజూ కొడుతున్న. దేన్ని చూసి కొట్టాల్నో తెల్వక, నువ్వు బీరువల పెట్టిపోయిన నీ ప్రాజెక్టు కాయితాలు తీసిన. ఇంగ్లీషు మీటలు నొక్కితె తెలుగు పడ్తది గదా, నాకు మీటలు అలవాటైతయ్, నీ సదువు ఇంత నాకు అంటుతది.

నీ వదిన,
ధనలక్ష్మి

మహబూబ్‌నగర్
18-10-2024

వదినకు,

బొట్టు సంగతి చదివి మనసు నిండిపోయింది. అమ్మకు నా ముద్దులు. ఆ గుంట గురించి అమ్మ అన్న మాట మా గదిలో అందరికీ చదివి వినిపించాను, అందరూ నవ్వారు.

ఈ ఉత్తరం సోమవారంలోపు అందాలని రైల్వే స్టేషన్ దగ్గరి పోస్టాఫీసులో వేయిస్తున్నాను. ఇంటర్వ్యూ గురించి మాకు ప్రత్యేకంగా ఒక తరగతి జరిగింది. అందులో చెప్పినవి రాస్తున్నాను. వెనక గోడ శుభ్రంగా ఉండాలి, క్యాలెండర్లు తీసేయి. నిటారుగా కూర్చో. అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడేటప్పుడు నేల చూపులు చూడకుండా సూటిగా కెమెరాలోకి చూడు. మన ఆత్మవిశ్వాసం అంతా ఆ చూపులోనే తెలుస్తుందని మేడం చెప్పింది.

ఇంకొక మాట. టైపు అభ్యాసానికి ఆ ప్రాజెక్టు కాగితాలు వద్దు. అది చిత్తుప్రతి, అందులో చాలా తప్పులున్నాయి. "గ్రామీణ మహిళలు, కంప్యూటర్ పరిజ్ఞానం: సమస్యలు, పరిష్కారాలు" అనే విషయం నీకు విసుగ్గా ఉంటుంది. ఏదైనా దినపత్రిక చూసి కొట్టుకో. ఆ కాగితాలు ఎక్కడివక్కడ పెట్టేయి.

ధైర్యంగా ఉండు.
నవనీత

బొంతపల్లి
22-10-2024

నవనీతకు,

కెమెరాలకు సూటిగ చూడు అన్నవ్. తెర నడిమిట్ల సూటిగ చూసిన, కండ్ల నీళ్లు కారేదాక చూసిన. గోడ మీది క్యాలెండర్లు తీసిన. మీ అమ్మ బజారుకు పోయిన టైం చూసుకొని మంచి చీర కట్టిన. అంత చేస్తె ఏమైంది? మేడం అంటది, "ధనలక్ష్మి గారూ, మీరు కనిపించడం లేదు. అంతా చీకటిగా ఉంది. లైటు వేసుకోండి."

లైటు వేసిన. కిటికీ తీసిన. అత్తమ్మ పూజ దీపం గూడ తెచ్చి ముంగట పెట్టిన. ఊహూ. నా బొమ్మ పడాల్సిన డబ్బాల చీకటి, నడుమ జెర ఎరుపు, పొద్దుగూకినట్టు.

ఇంకో ముచ్చట చెప్త. మేడం గూడ నాకు కనవడలే. ఆమె డబ్బాల గూడ గదే చీకటి, గదే ఎరుపు. గొంతు మాత్రం గంట లెక్క వస్తుంది. "మీరు గూడ కనవడ్తలేరు మేడం" అందామని నోటి దాక వచ్చింది. కానీ పెద్దమనిషి, మొదటిసారి మాట్లాడుతున్నం, మొఖం నల్లగుందని ఎట్ల అంటం? ఊకున్న.

మంచిమనిషే, వచ్చే సోమవారం మల్ల టైం ఇచ్చింది. నీ సాఫ్ట్‌వేర్‌ల కారణం ఉంటది అన్నవ్ గదా, జల్దీ వెతుకు. పరేషాన్ల ఉన్న.

పేపరు మన ఇంటికి రాదు. అందుకని నీ ప్రాజెక్టే కొడుతున్న. విసుగేం లేదు, మంచిగనే ఉంది.

ధనలక్ష్మి

మహబూబ్‌నగర్
25-10-2024

వదినకు,

నీ ఉత్తరం అందగానే రెండు తరగతులు మానేసి లైబ్రరీలో కూర్చున్నాను. నువ్వు మామూలుగా రాసిన ఒక్క విషయంలోనే అసలు కీలకం ఉంది. నువ్వు ఆమెకు కనబడకపోవడమే కాదు, ఆమె కూడా నీకు కనబడలేదు! రెండు వేర్వేరు కంప్యూటర్లకు ఒకే రోజు, ఒకే రంగులో జబ్బు చేయడం అసాధ్యం. పైగా అది కంపెనీ కంప్యూటర్, దాన్ని చూసుకోవడానికి మనుషులుంటారు. అంటే లోపం కచ్చితంగా మనవైపే ఉంది. ఇది తర్కం.

ఇప్పుడు వరుసగా చెయ్యి. మొదట కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయి. తెర నల్లబడితే చాలదు, పూర్తిగా ఆపాలి. 'పూర్తిగా' కింద గీత గీశాను చూడు. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోట కెమెరాకు అనుమతి ఉందేమో చూడు. ఉంటే తీసేసి మళ్లీ ఇవ్వు. తర్వాత అప్‌డేట్ చేయి. అది నడుస్తుండగా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కరెంటు పోకూడదు. ఆఖరిది కెమెరా డ్రైవర్. అది కెమెరాను నడిపించే చిన్న ప్రోగ్రాం, దాన్ని తీసేసి మళ్లీ వేయాలి. ఎక్కడ ఏది నొక్కాలో వేరే కాగితం మీద బొమ్మలు గీసి పంపుతున్నాను.

ప్రాజెక్టు కాగితాలు వద్దన్నాను కదా. సబ్బు పొట్లాం మీద రాసింది కొట్టినా అభ్యాసమే.

నవనీత

బొంతపల్లి
30-10-2024

ఆడబిడ్డకు,

పూర్తిగా ఆపు అని గీత కొట్టినవ్. అందుకని బయట మీటర్ కాడికి పోయి మెయిన్ ఆపేసిన. లోపల అత్తమ్మ సీరియల్ చూస్తుంది. అందుల చిన్నకోడలు పాలల్ల విషం కలిపి గిలాస చేతికిస్తుందంట, సరిగ్గ అప్పుడే బందైంది. కరెంటు వచ్చేసరికి ఎవరో పాడె మీద ఉన్నరు, మొఖం మీద బట్ట కప్పిన్రు. తాగింది ఎవరో అత్తమ్మకు ఇప్పటిదాక తెల్వదు. "నువ్వే ఆపినవ్, నువ్వే ఆపినవ్" అని రెండు దినాలు నా చేతి చాయ్ తాగలే.

అనుమతి ఉండె. తీసి మల్ల ఇచ్చిన. అప్‌డేట్ పెట్టిన. సగంల కరెంటు పోయింది, ఈసారి నేను కాదు, కరెంటోళ్లే. మల్ల మొదటికెళ్లి నడిచింది. నీ బొమ్మలు ముంగట పెట్టుకొని డ్రైవర్ గూడ తీసి వేసిన. మంచిగ గీసినవ్ బొమ్మలు. గిన్ని చేసినంక సోమవారం మల్ల ఇంటర్వ్యూల కూసున్న. మల్ల గదే చీకటి, గదే ఎరుపు.

మేడం ఈసారి టైపు పరీక్ష గూడ పెట్టింది. నేను కొట్టింది ఆమె తెర మీద పడుతుంది. "వేగం బాగుంది, తప్పులు కూడా లేవు" అన్నది. నా పానం లేచొచ్చింది. ఎంటనే అన్నది, "కానీ ధనలక్ష్మి గారూ, టైపు చేస్తున్నది మీరేనని నేనెలా నమ్మాలి? మనిషి కనబడట్లేదు. ప్యాకింగ్ లైన్‌లో ఉన్నావిడ ఇంత వేగంగా కొడుతుందంటే..." అని ఆపేసింది.

నేనే కొట్టిన నవనీతా. నా వేళ్లే. ఎవర్ని సాక్ష్యం పిలవాలె?

ఇగ ఒక్కటే మోక. నవంబరు ఎనిమిది, శుక్రవారం. గప్పుడు గూడ కనవడకుంటె ఇంకెవరికన్న ఇస్తరు. మొన్న లైన్ల నిలవడ్డ కాడ కాలు తిమ్మిరెక్కి కూలబడ్డ. సూపర్‌వైజర్ వచ్చి "కూసునే జాగ కాదు గిది" అన్నడు.

ధనలక్ష్మి

మహబూబ్‌నగర్
1-11-2024

వదినకు,

నీ ఉత్తరం చదివి రాత్రంతా ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచించాను. ఏడుపు వల్ల సాఫ్ట్‌వేర్ బాగుపడదు.

అన్నీ సరిగ్గా చేసినా రాలేదంటే మిగిలింది ఒక్కటే కారణం, వైరస్. అది కెమెరాను తన చేతుల్లోకి తీసుకుని ఉంటుంది. ఆ ఎరుపు రంగు కూడా నాకు అందుకే అనుమానంగా ఉంది. ఎలా వచ్చిందో అడగడం నాకు బాధగానే ఉంది కానీ, అన్న షిఫ్టు నుంచి వచ్చి కంప్యూటర్‌లో ఏమేం చూస్తున్నాడో ఒకసారి గమనించు. సినిమాలు ఉచితంగా దొరికే చోట్లకు పోతే ఇలాగే అవుతుంది.

దీనికి మందు ఫార్మాట్. లోపల ఉన్నదంతా తుడిచేసి సాఫ్ట్‌వేర్ కొత్తగా వేస్తారు. కంప్యూటర్ అప్పుడే పుట్టినట్టవుతుంది. గుమ్మడిదలలో ఖదీర్ భాయ్ దుకాణానికి తీసుకుపో. ఆయనకు నువ్వేమీ వివరించనక్కరలేదు, వివరిస్తే పొరపాటు జరగవచ్చు. దీంతో పెట్టిన చీటీ ఇవ్వు చాలు. అందులో 'పూర్తిగా ఫార్మాట్ చేయాలి' అని మాత్రమే రాశాను.

ఈసారి తప్పక కనబడతావు.
నవనీత

బొంతపల్లి
6-11-2024

నవనీతకు,

నీ కంప్యూటర్ మల్ల పుట్టింది.

దాన్ని గుమ్మడిదల దాక మోసుడు నాతోని కాదు గదా, మీ అన్నకు చెప్పక తప్పలే. కుర్చీ సంగతంత చెప్పిన. "నాకు చెప్తె నేనేమన్న వద్దంటనా?" అన్నడు. వద్దనవు, ఊరంత చెప్తవ్ అన్న. "ఛ, నేనెవరికి చెప్త" అన్నడు. తెర, డబ్బ అంత ఒక్కటే ముక్క గదా, బండి మీద నేను దాన్ని బొంతల చుట్టి ఒళ్లె పెట్టుకొని కూసున్న. పెట్రోల్ బంకుల ఆగినం. పెట్రోల్ పోసెటోనికి చెప్పిండు. చౌరస్త కాడ ఆగినం, లారీ డ్రైవర్‌కు చెప్పిండు. నిన్న షెడ్డుల అడుగు పెట్టంగనే అందరు "కుర్చీ వచ్చిందా?" అని ఒకటే అడుగుడు. మైరస్సో వైరస్సో నాకు తెల్వదుగాని, మీ అన్న కంప్యూటర్ల చూసేది ఒక్కటే, కబడ్డీ.

ఖదీర్ భాయ్ చీటీ చదివిండు. "బీమారీ ఏందమ్మా?" అని అడిగిండు. నువ్వు వివరించొద్దన్నవ్ గదా, చీటీల ఉన్నదే చెయ్యి భాయ్ అన్న. చేసిండు. మర్యాద తెలిసిన మనిషి. తెర తుడువబోయి బొట్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నడు. "పూజ చేసిన బొట్టు గదా, నా చెయ్యి తగలనియ్య" అని చుట్టూత పేపర్ ముక్క అంటించి, అప్పుడు మిగిలిన జాగంత తుడిచిండు. ఫార్మాట్ల అన్నీ పోయినయ్ గాని బొట్టు మాత్రం చెక్కుచెదరలే.

అన్నీ అంటె నీ ఫోల్డర్లు గూడ. కొత్తగ పుట్టిన దానికి పాత సంగతులు ఏడికెళ్లి ఉంటయ్, నీకు ఎరుకే ఉంటది అనుకున్న.

ఇంటికి తెచ్చి వేసి చూసినం. చీకటే.

ఎల్లుండి శుక్రవారం. ఏం చెయ్యాల్నో నువ్వు రాసేలోపల శుక్రవారం పోతది. నేనే ఏమన్న చూస్త.

ధనలక్ష్మి

మహబూబ్‌నగర్
10-11-2024

వదినకు,

నీ ఉత్తరం నిన్న అందింది. శుక్రవారం ఏమైందో తెలియక మనసు మనసులో లేదు. ఇవాళ ఆదివారం ఫోన్‌లో అడుగుదామంటే, నా ముందున్న అమ్మాయి వాళ్ల నాయనతో కొట్లాడి సమయమంతా అయిపోగొట్టింది.

ఫోల్డర్లు పోయాయని రాశావు. నా ప్రాజెక్టు అందులోనే ఉంది. ఈ నెలాఖరుకు ఇవ్వాలి. కాపీ తీసిపెట్టుకోమని నా ప్రాజెక్టులో గ్రామీణ మహిళలకు ఒక పేజీ నిండా సలహా ఇచ్చింది నేనే. ఆ సలహా కూడా దాంతోపాటే పోయింది. నిన్ను ఏమీ అనడం లేదు. పూర్తిగా తుడవమని రాసిచ్చింది నేను.

మా కంప్యూటర్ సార్‌ను ఆఖరిసారి అడిగాను. ఫార్మాట్ చేసినా రాకపోతే అది సాఫ్ట్‌వేర్ లోపం కాదట, కెమెరానే చూడాలట. అందుకని ఒక్క పని చెయ్యి. కెమెరా పక్కన చిన్న లైటు వెలుగుతోందా లేదా చూసి చెప్పు. కెమెరా ఎక్కడుంటుందంటే, మానిటర్ పైఅంచున, సరిగ్గా మధ్యలో, గుండ్రంగా చిన్న గుంటలాగా, లోపల అద్దం మెరుస్తూ

వదినా, ఒక్క నిమిషం.

నీ పదిహేనో తారీఖు ఉత్తరం పెట్టెలోంచి తీసి మళ్లీ చదివాను. మా గదిలో వాళ్లకు కూడా చదివి వినిపించాను. ఆ రోజు నవ్విన చోట ఈసారి ఎవరూ నవ్వలేదు. నన్నే చూశారు.

నడినెత్తిన, సరిగ్గా మధ్యలో, దట్టంగా. నేనే రాశాను.

ఈ ఉత్తరం చింపేసి ఇంకొకటి రాయాలనుంది కానీ రాయడానికి ఏముంది? ఆ బొట్టు తీసేయి వదినా. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు.

నవనీత

బొంతపల్లి
11-11-2024

ఆడబిడ్డ నవనీతకు,

నువ్వు ఫికర్ల ఉంటవని జల్దీ రాస్తున్న.

శుక్రవారం నేను కంప్యూటర్ ముంగట కూసోలే. టైపు చేసేది నేనే అని నమ్మాలంటె నేనే పోవాలె గదా. చాయ్ టైంల షెడ్డు నుంచి సీద ఆఫీసుకు నడిచిన. ప్యాకింగోళ్లను ఆ గడప ఎక్కనియ్యరు. వాచ్‌మన్ నాగయ్య లేచిండు, నన్ను చూసి మల్ల కూసున్నడు. "పాండు పెండ్లానివి గదా? కుర్చీ పరీక్షనా? పో పో, పొద్దున ఎనిమిదింటి సంది మేడం ఆ డబ్బతోని కొట్లాడుతుంది." మీ అన్న నోరు మొదటిసారి పనికొచ్చింది.

లోపలికి పోతె మేడం తల పట్టుకొని కూసుంది. నన్ను చూసి, "వీడియోలో రమ్మన్నాను కదా?" అన్నది.

"వీడియోల నేను కనవడను మేడం. మీరు గూడ నాకు కనవడ్తలేరు" అన్న. ఇగ దాచేదేముంది.

"నేనా? నేను కూడానా? మరి మొదట్లోనే చెప్పలేదేం?"

"మొఖం నల్లగుందని ఎట్ల చెప్తం మేడం?"

ఆమెకు నవ్వొచ్చింది. "నా బొమ్మ నాకే కనబడటం లేదమ్మా, దసరా నుంచి ఇదే గోల. కంప్యూటర్లు చూసే అబ్బాయిలు వచ్చారు. ఆపి వేశారు, అప్‌డేట్ అన్నారు, డ్రైవర్ మార్చారు, మొన్న ఫార్మాట్ కూడా చేశారు" అన్నది. మా ఆడబిడ్డ గూడ గదే చెప్పింది మేడం అన్న. "మంచి చదువే చదివినట్టుంది" అన్నది.

గప్పుడు నేను ఒక్కటే అడిగిన. ఇన్ని దినాల సంది ఎవర్ని అడగాల్నో తెల్వక ఊకున్న మాట. "మేడం, అసలు ఈ కెమెరా ఏడుంటది?"

"ఏముంది, ఇదిగో ఇక్కడే..." అని వేలు చూపెట్టింది. ఆ వేలు బొట్టు కాడ ఆగింది. మన దాని లెక్కనే ఉంది ఆ కంప్యూటర్, ఆఫీసుల పాతవి అమ్మినప్పుడే గదా మీ అన్న మనది తెచ్చింది. ఆయుధపూజ దినం ఊడ్చే ముత్యమ్మ అన్నిటికి పెట్టుకుంట వచ్చి, గుంట దొరకంగనే సంబురపడి నిండ మెత్తిందంట, మీ అమ్మ లెక్కనే. ఇద్దరం ఆ బొట్టును చూసుకుంట నిలవడ్డం. వచ్చిన అబ్బాయిలు గూడ దాన్ని తప్పిచ్చుకొని తుడిచిపోయిన్రు, మర్యాద తెలిసినోళ్లు.

మేడం కాయితం ముక్క తీసి తుడువబోయింది. ఆగున్రి మేడం, తుడువొద్దు అన్న. పూజ బొట్టు దాని అంతట అది రాలాలె, తుడిస్తె మనసుకు మంచిగుండదు. ఉంగరం వేలు తడి చేసుకొని, ఆ కుంకుమంత వేలికి తీసుకొని నా నుదుట పెట్టుకున్న. పసుపు తీసి చెంపలకు రాసుకున్న. మిగిలింది చీర కొంగుతోని మెల్లగ ఒత్తిన. తెర తెల్లగైంది నవనీతా. అందుల మేడం మొఖం, ఆమె భుజం మీదికెళ్లి నా మొఖం, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. మేడం నన్ను ఎదురుంగ చూడకుండ తెరలనే చూసి నవ్వింది.

తర్వాత ఆమె లేచి తన కుర్చీల నన్ను కూసోమన్నది. పక్కన నిలవడి చూసింది. కొట్టిన. ఆమె కండ్లు నా వేళ్ల మీదనే ఉన్నయ్. ఆఖరుకు, "సోమవారం నుంచి ఇక్కడికి రండి" అన్నది. ఇయ్యాల సోమవారం. నాకిచ్చిన కుర్చీకి ఒక చక్రం లేదు, జెర ఒరిగితె పక్కకు గుంజుతది. అయినా కుర్చీనే.

ఇంట్ల చెప్తె అత్తమ్మ మొదలు నమ్మలే. నడినెత్తిన పెట్టుమన్నది నా బిడ్డనే గదా అన్నది. మన దాని మీది బొట్టు గూడ నేనే తీసి పెట్టుకున్న. "నీ నుదుటికెక్కినంక ఇగ అది పోయినట్టు కాదు" అన్నది. నన్ను మెచ్చుకున్నదనుకున్న. ఎంటనే, "ఇప్పుడు అన్నీ కనవడ్తున్నయ్ గదా, ఆ పాలు తాగి సచ్చిందెవరో అందుల చూసి చెప్పు" అన్నది. చూసి చెప్పిన. కలిపినామెనే మర్శిపోయి తాగిందంట.

ఇగ నీ ప్రాజెక్టు. అది పోయిందని ఏడువకు. నీ కాయితాలు చూసుకుంట మొదటికెళ్లి మల్ల కొట్టిన, నిన్నటితోని అయిపోయింది. ఖదీర్ భాయ్ కాడ పెన్‌డ్రైవ్‌ల ఒక కాపీ తీపిచ్చి పెట్టిన, నీ ఆఖరి పేజీల అట్ల చెయ్యాలని రాసి ఉంది గదా.

అవి చూసి కొట్టొద్దని ఎందుకన్నవో మాత్రం తెలిసింది. నడుమ ఒక కాడ, "ఒక కార్మికురాలు, పదో తరగతి, మూతల కంపెనీ. ఈమెకు కంప్యూటర్ అంటే భయం ఎక్కువ, నేర్చుకోవాలన్న ఆసక్తి తక్కువ" అని ఉంది. ఆమె ఎవరోగాని నాకు బాగ ఎరుకైన మనిషి లెక్కనే అనిపిచ్చింది. కోపం లేదు.

కడమదంత నువ్వు రాసినట్టే కొట్టిన, అక్షరం మార్చలే. ఆ ఒక్క మాట మాత్రం తీసేసి, నీ పుస్తకం భాషల్నే ఇంకోటి పెట్టిన. "కెమెరా ఎక్కడుంటుందో ఈమెకు ఎవరూ చెప్పలేదు" అని.

తప్పుంటె దిద్దుకో.

కుర్చీల కూసోని రాస్తున్న,
నీ వదిన